మాస్టారి ఎడమ కాలు

కారు కొనేవాడికి లేని కంగారు కారు గురించి మాట్లాడేవాడికి ఉంటుంది. సీటు కవర్ల షాపులో ఆదివారం పొద్దున జరిగే సభను ఒక్కసారి చూస్తే ఈ మాట ఎవరైనా ఒప్పుకుంటారు. రెక్సిన్ చుట్ట మీద ఒకరు, ఫోమ్ ముక్కల గుట్ట మీద ఒకరు, ఏదో పాత బండి నుంచి ఊడదీసిన సీటు మీద ఒకరు కూర్చుని, చేతిలో టీ చల్లారిపోతున్నా పట్టించుకోకుండా, తయారుచేసిన కంపెనీకి కూడా తెలియని తప్పులు వెతుకుతూ ఉంటారు.

ఊడదీసిన సీటు ఎప్పుడూ మాస్టారిదే. ఆయనది డ్రైవింగ్ స్కూలు. ఊళ్ళో సగం మందికి స్టీరింగ్ పట్టుకోవడం నేర్పింది ఆయనే. మిగతా సగం మంది బండి నడిపే తీరు చూసి, ‘వీళ్ళు నా దగ్గర నేర్చుకోలేదు, అదీ సంగతి’ అని తృప్తిపడేదీ ఆయనే. చాటుగా అందరూ ఆయన్ని క్లచ్ మాస్టారంటారు. ఆ సంగతి ఆయనకు తెలుసు. తెలియనట్టే ఉంటారు గానీ లోపల మురిసిపోతారు.

ఆ ఆదివారం చర్చ కొత్తగా వచ్చిన స్పోర్ట్స్ సెడాన్ మీద. పళ్ళ డాక్టరు దాన్ని కొందామనుకుంటున్నారు. అయితే ఆయన దేన్ని చూసినా ముందు పళ్ళే చూస్తారు.

"ముందు గ్రిల్ చూశారా? నోరు మరీ పెద్దది. పై వరస ముందుకు తోసుకొచ్చింది. చిన్నప్పుడే క్లిప్పు పెట్టించాల్సిన కేసు," అన్నారు ఫోన్లో ఫొటో పెద్దది చేస్తూ.

"నోరొదిలేసి నడుం చూడండి డాక్టరు గారూ," అన్నాడు షాపు యజమాని. ఇతను మాస్టారికి స్వయానా బావమరిది. "ముందు లైటు దగ్గర మొదలైన గీత వెనక లైటు దాకా ఎక్కడైనా తెగిందా? ఇన్నేళ్ళుగా కుడుతున్నా, అంత తిన్నటి కుట్టు నాకొక్కటి పడలేదు."

"గీత సరే. పైకప్పు అలా జారిపోతే వెనక కూర్చున్నవాడు తల ఎక్కడ పెట్టుకోవాలి?"

"సొంత కార్లో వెనక కూర్చునేవాడికి తల ఉంటే ఎంత, లేకపోతే ఎంత?"

మాస్టారు ఇద్దర్నీ కాసేపు పోట్లాడుకోనిచ్చారు. పిల్లలు బొమ్మల కోసం కొట్టుకుంటుంటే పెద్దవాళ్ళు చూస్తారే, అలా చూశారు. తర్వాత గొంతు సవరించుకున్నారు. "అందచందాలు అయిపోయాయా? ఇక అసలు సంగతికొద్దాం. గేర్ల మాటేమిటి?"

డాక్టరు గొంతు తగ్గింది. "రెండు రకాల్లోనూ వస్తోంది మాస్టారూ. మామూలు గేర్లతో ఒకటి. ఇంకోటి... ఆటోమేటిక్." ఆ చివరి మాట, రాత్రి చాక్లెట్ తిన్నానని తన దగ్గర ఒప్పుకునే పిల్లల గొంతుతో అన్నారు.

"ఆటోమేటిక్!" మాస్టారు సీట్లో ముందుకు జరిగారు. "ఎడమ కాలికి పని లేని బండి కూడా ఒక బండేనా? దాన్ని లిఫ్టనాలి. నొక్కితే పోతుంది, నొక్కితే ఆగుతుంది. లిఫ్టులో నొక్కేవాణ్ణి డ్రైవరంటామా? క్లచ్ ఎక్కడ అందుకుంటుందో అరికాలికి తెలియాలి డాక్టరు గారూ. అది తెలిసినవాడే డ్రైవరు. తెలియనివాడు ప్యాసింజరు, కాకపోతే కుడివైపు కూర్చుంటాడు."

"అది కాదు మాస్టారూ, ట్రాఫిక్‌లో..."

"ట్రాఫిక్ అంటే భయం ఉన్నవాడు బస్సెక్కాలి."

డాక్టరు నోరు మూసుకున్నారు. ఊరందరి నోళ్ళూ తెరిపించే మనిషి మాస్టారి ముందు తన నోరు తెరవలేడు. చివరికి ఒప్పందం కుదిరింది. ఇప్పుడే ముగ్గురూ షోరూంకు వెళ్తారు. మాస్టారు నడిపి చూస్తారు. ఆయన ఏది కొనమంటే డాక్టరు అదే కొంటారు.

"పదండి మరి," అంటూ మాస్టారు లేవబోయి, పక్కనున్న కుట్టుమిషన్ పట్టుకుని ఒక క్షణం ఆగారు. ఎడమ మోకాల్లో సూది దిగినట్టు నొప్పి. ఎవరూ చూడలేదని నిర్ధారించుకుని, చేతికి అంటిన దుమ్ము దులుపుకున్నట్టు నటించారు.

ఆ మోకాలు అరిగిపోయి చాలా కాలమైంది. డ్రైవింగ్ స్కూలు బండిలో మాస్టారి వైపు కూడా ఒక క్లచ్, ఒక బ్రేకు ఉంటాయి. శిష్యుడు స్టీరింగ్ పట్టుకుని బిగుసుకుపోతే, వాడు తొక్కాల్సిన క్లచ్ గురువుగారు తొక్కాలి. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఒకరి తర్వాత ఒకరు, అందరి భయాలూ ఆ ఒక్క కాలే మోసింది. ఎముకల డాక్టరు ఎక్స్‌రే చూసి, క్లచ్ పూర్తిగా మానేయమని చెప్పేశాడు. సాయంత్రం వేన్నీళ్ళలో ముంచిన గుడ్డ మోకాలికి చుడుతూ ఆయన భార్య పాడే పాట కూడా అదే.

"వీధిలో పల్లకీ మోత, ఇంట్లో ఈగల మోత అంటే మిమ్మల్నే చూడాలి. క్లచ్ కావాలో కాలు కావాలో తేల్చుకోండి. స్కూలుకి ఆ ఆటోమేటిక్ ఏదో ఒకటి కొని పారేయచ్చుగా?"

"దానికన్నా బండి అమ్మేసి ఇంట్లో కూర్చోవడం నయం," అనేవారు మాస్టారు.

అనడం వరకు బాగానే ఉండేది. కానీ ఇంట్లో కూర్చోవడమన్న మాట తలుచుకుంటే ఆయనకు నిజంగానే గుండె జారిపోయేది. బండి తప్ప ఆయనకు ఇంకో లోకం లేదు. ఆటోమేటిక్ కొందామంటే ఆదివారం సభలో తలెత్తుకోలేరు. ఇవి చాలవన్నట్టు ఇంకో రహస్యం ఉంది. అది భార్యకు కూడా తెలియదు. మాస్టారు తన జీవితంలో ఒక్కసారి కూడా ఆటోమేటిక్ బండి నడపలేదు.

షోరూంలో నేల అద్దంలా మెరుస్తోంది. కొత్త బండి మధ్యలో తిరుగుడు బల్ల మీద పెళ్ళిచూపులకు కూర్చోబెట్టినట్టుంది. డాక్టరు నేరుగా వెళ్ళి గ్రిల్ ముందు గొంతుక్కూర్చున్నారు. బావమరిది లోపల తల దూర్చి సీటు కుట్లు వేలితో తడిమి, "అంచు కుట్టిన పైపింగ్ వంకర పోయింది," అని గొణిగాడు.

"నమస్తే మాస్టారూ! గుర్తుపట్టారా?"

యూనిఫాం కోటు వేసుకున్న అమ్మాయి. మాస్టారు గుర్తుపట్టారు. బండి ఆగిపోయిన ప్రతిసారీ ఏడ్చే అమ్మాయి. ఏడ్చినప్పుడల్లా తను ఇంకా గట్టిగా అరిచిన అమ్మాయి. ఇప్పుడిక్కడ టెస్ట్ డ్రైవులు చూసేది ఈమేనట.

"గేర్ల బండి తీయమ్మా," అన్నారు దర్జాగా.

"అది వచ్చే నెల వస్తుంది మాస్టారూ. ఇప్పుడు ఆటోమేటిక్ ఒక్కటే ఉంది."

డాక్టరు, బావమరిది ఇద్దరూ మాస్టారి వైపు చూశారు. వచ్చే నెల వస్తామని చెప్పి బయటపడి ఉంటే ఈ కథ లేదు. కానీ నోరు ఊరుకోదు కదా. "దాందేముంది, తీయి. దీన్లో ఏమీ లేదని మా డాక్టరు గారికి దగ్గరుండి చూపిస్తాను," అనేశారు.

మాస్టారు స్టీరింగ్ ముందు కూర్చున్నారు. అమ్మాయి పక్కన, మిగతా ఇద్దరూ వెనక. "ఎడమ కాలికి పని లేదు మాస్టారూ. పక్కన పెట్టేసుకోండి," అంది అమ్మాయి. "నాకు చెప్తావా," అన్నారు మాస్టారు. బ్రేకు మీద కాలుంచి మీట ఎలా జరపాలో ఆమే చూపించి, కాలి మాట మళ్ళీ ఒకసారి చెప్పింది. ఆయన వినిపించుకోలేదు.

బండి కదిలింది. కుదుపు లేదు, మూలుగు లేదు, వెన్న మీద కత్తిలా పోయింది. మాస్టారికి లోపల ఆశ్చర్యం వేసింది, మొహం మాత్రం ముడుచుకునే ఉంచారు. వెనక పైకప్పు గురించిన తగవు మళ్ళీ మొదలైంది. డాక్టరు తల పైకప్పుకు తగులుతోందని నిరూపించడానికి నిటారుగా కూర్చుని, గొంతు ఆరిపోయి, తన స్టీలు సీసా మూత తీసి నోటికెత్తుకున్నారు.

సరిగ్గా అప్పుడే స్పీడ్ బ్రేకర్ వచ్చింది.

స్పీడ్ బ్రేకర్ కనిపిస్తే ఏం చేయాలో మాస్టారి ఎడమ కాలికి ఎవరూ చెప్పక్కర్లేదు. అది లేచింది, కనపడిన పెడల్ మీద పడింది, అడుగంటా తొక్కింది. చేయేమో మార్చడానికి లేని గేరు కోసం మీట మీద తడుముకుంది. ఆ పెడల్ క్లచ్ కాదు, బ్రేకు. బండి పాతిపెట్టినట్టు ఆగిపోయింది. వెనక నుంచి ‘టంగ్’ అని ఒక చప్పుడు వినిపించింది.

డాక్టరు నెమ్మదిగా సీసా దించి, ముందు అద్దంలోకి వంగి, తన నోరు తనే తెరుచుకుని చూసుకున్నారు.

"పై వరస, ముందు పన్ను. సగం పోయింది. నరం దాకా పోలేదు," అన్నారు, ఎవరో పేషెంటుకు చెప్తున్నట్టు. ప్రతి ‘స’ దగ్గరా ఒక ఈల వచ్చింది. విరిగిన ముక్క సీసాలో గలగలమంటోంది.

షోరూం గేటు ఇంకా కనిపిస్తూనే ఉంది. మేనేజరు పరుగెత్తుకుంటూ వచ్చాడు. బావమరిది అప్పటికే కిందికి దిగి కేకలు మొదలుపెట్టాడు.

"ఇదేం బ్రేకండీ! మా బావగారి చేతిలో ఇన్నేళ్ళలో ఒక్క చీమ చావలేదు. మీ బండిలోనే ఏదో లోపం ఉంది!"

"సందేహమే లేదు, బండిదే," అని ఈల వేశారు డాక్టరు.

మేనేజరు అమ్మాయి వైపు తిరిగాడు. "కస్టమరుకి సరిగ్గా చెప్పావా లేదా?"

అమ్మాయి మాస్టారి ఎడమ కాలి వైపు ఒకసారి చూసింది. అది ఇంకా బ్రేకు మీదే ఉంది. తర్వాత తలొంచుకుంది. "సారీ సర్. నేనే సరిగ్గా చెప్పలేదు."

మాస్టారికి ఇంతకన్నా ఏం కావాలి? నోరు మెదపకుండా కూర్చుంటే చాలు. ఒక్క దెబ్బకు రెండు పిట్టలు. పరువూ దక్కుతుంది, ఆటోమేటిక్ మీద తను పలికిందంతా వేదమూ అవుతుంది. పైగా సాక్ష్యానికి సీసాలో డాక్టరుగారి పన్ను ఉంది. నిజం చెప్పొద్దూ, ‘నేను ముందే చెప్పానా’ అనడానికి ఆయన నోరు తెరిచారు కూడా. కానీ ఆ పిల్ల వంచిన తల చూస్తే మాట రాలేదు. తప్పు ఆమెది అయినప్పుడు తను వీధంతా వినపడేలా అరిచారు. తప్పు తనదైనప్పుడు ఆమె దాన్ని నెత్తిన వేసుకుంటోంది. మాస్టారికి ఒళ్ళంతా సిగ్గేసింది.

"ఆగండి. ఆ అమ్మాయి రెండుసార్లు చెప్పింది. నేనే విన్లేదు. బ్రేకు తొక్కింది నేను," అన్నారు.

"మీరా? ఎందుకు బావా?"

"క్లచ్ అనుకున్నా."

"ఆటోమేటిక్‌లో క్లచ్ ఎక్కడిది?"

"లేదని నోటికి తెలుసురా. కాలికి తెలీదు. నేనీ జన్మలో ఆటోమేటిక్ నడపలేదు."

బావమరిది కిటికీలోంచి లోపలికి తల పెట్టాడు. "మరి ఇన్నేళ్ళూ దాన్ని అన్నేసి తిట్లు తిట్టారు?"

"తిట్టడానికి నడపాలా ఏంటి?" అన్నారు మాస్టారు కోపంగా. ఒకటి బయటపడ్డాక రెండోదాన్ని దాచి లాభమేమిటని అదీ చెప్పేశారు. "ఈ మోకాలు అయిపోయింది. ఇంక క్లచ్ తొక్కకూడదన్నారు. మీకెవరికీ చెప్పలేదు. చెప్తే బండి వదిలేయాల్సొస్తుందని."

డాక్టరు రుమాలు నోటికి అడ్డం పెట్టుకుని ఆయన్నే చూశారు. "మాస్టారూ, నేను పళ్ళ డాక్టర్నే, ఒప్పుకుంటా. అంతమాత్రాన మోకాలి సంగతి చెప్పుకోలేనంత పరాయివాణ్ణా?" ఇందులో ఈలలు ఎక్కువే వచ్చాయి. మేనేజరు నవ్వాపుకోలేక పక్కకు తిరిగాడు. మాస్టారికి మాత్రం కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఇప్పుడు డాక్టరుకు డాక్టరు కావాలి. ఆదివారం తెరిచి ఉండేది ఊరి రెండో చివర ఒక్క క్లినిక్కే. దాని ఓనర్ని ఈయన ఏనాడూ డాక్టరనలేదు, పళ్ళ మేస్త్రీ అనే అంటారు. వాడి ముందు నోరు తెరవడం కన్నా సగం పన్నుతో బతకడమే మేలని కాసేపు మొండికేశారు గానీ, గాలి పీల్చినప్పుడల్లా పన్ను జివ్వుమనేసరికి దారికొచ్చారు.

"బండి ఎవరు తీస్తారు?" అన్నాడు బావమరిది.

"నేనే," అన్నారు మాస్టారు.

వెనకవాళ్ళిద్దరూ మొహమొహాలు చూసుకున్నారు. డాక్టరు మొదట సీటు బెల్టు పెట్టుకుని, తర్వాత సీసా బావమరిది చేతికిచ్చారు.

"టెస్ట్ డ్రైవ్ ఇంకా అవలేదు సర్," అంది అమ్మాయి మేనేజరుతో. ఆయన తల ఊపి తప్పుకున్నాడు. ఆమె మాస్టారి వైపు తిరిగింది. "ఎడమ కాలు మడిచి సీటు కిందికి లాక్కోండి. నేను చెప్పేదాకా బయటికి తీయద్దు."

"అలాగేనమ్మా," అన్నారు క్లచ్ మాస్టారు.

ఒక సిగ్నల్ దగ్గర ఆగారు. బయల్దేరారు. ఇంకో సిగ్నల్, కూరగాయల బళ్ళ సందు, స్కూటర్ల గుంపు. ఆగడం, కదలడం, మళ్ళీ ఆగడం. మామూలుగా ఇలాంటి రోడ్డు మీద ఆయన పంటి బిగువున కూర్చుంటారు. వెనకాల బావమరిది ఆ వెనక లైటు గీత కనుబొమ్మలా ఉందంటున్నాడు, డాక్టరు సరిగ్గా పంటి చిగురులా ఉందని ఈల వేస్తున్నారు. మాస్టారు తీర్పు చెప్పలేదు. మోకాలు నొప్పెట్టడం లేదు. నొప్పి ఎక్కడో దాక్కుని ఉందేమో, ఇప్పుడొస్తుందేమోనని సిగ్నల్ సిగ్నల్‌కీ ఎదురుచూశారు. అది రాలేదు.

క్లినిక్ వచ్చింది. డాక్టరు దిగి, కిటికీలోంచి వంగి అడిగారు. "ఇంతకీ ఏది కొనమంటారు?"

"ఊరివాళ్ళ మాట విని కారు కొంటారా ఎవరైనా? మీరు నడిపి చూసుకోండి. ముందు లోపలికెళ్ళండి, పన్ను మళ్ళీ జివ్వుమంటుంది."

బావమరిది సీసా జాగ్రత్తగా పట్టుకుని డాక్టరు వెనకే వెళ్ళాడు. క్లినిక్ ముందు చెట్టు నీడలో లారీ పట్టేంత చోటు ఖాళీగా ఉంది. మాస్టారు అద్దంలో వెనక చూశారు, ముందుకు చూశారు, బ్రేకు మీంచి కాలు తీశారు. బండి ఆ చోటును దాటి మెల్లగా ముందుకు సాగింది.

"మాస్టారూ, అక్కడ ఖాళీ ఉంది, చూళ్ళేదా?" అంది అమ్మాయి.

"చూశానమ్మా," అన్నారు మాస్టారు. "ఆయన పన్ను అయ్యేలోపు వచ్చేద్దాం. ఇంకొక్క రౌండు తిరగనీ."