గోడ మీది కోడళ్లు

మా అత్తయ్య గదిలో అయిదు సైకిళ్లున్నాయి. మూడు గోడకి కొక్కేలతో వేలాడుతుంటాయి, ఒకటి బీరువా పక్కన, ఇంకోటి మంచానికి కాళ్ల వైపు. అయిదూ నావే. ఇంట్లో పొడుగాటి గోడ ఆ గదికొక్కదానికే ఉంది, ఏం చెయ్యను? మొదటిది తగిలించిన రోజు ఆవిడ ఇల్లు పీకి పందిరేసింది. రెండోదానికి మూతి తిప్పుకుంది. మూడోదానికల్లా పేర్లు పెట్టడం మొదలెట్టింది.

"ఇది పెద్దకోడలు, ఇది నల్లకోడలు, ఇది బక్కకోడలు," అని ఇంటికొచ్చిన వాళ్లందరికీ చూపిస్తుంది. "వంటింట్లో తిరిగేదాన్ని కూడా కలుపుకుంటే నాకు బోలెడుమంది కోడళ్లు. ఒక్కర్తీ వేళకి కాఫీ ఇచ్చిన పాపాన పోలేదు."

ఇవి బజారుకెళ్లి కూరలు తెచ్చుకునే సైకిళ్లు కావు. హ్యాండిల్ పొట్టేలు కొమ్ముల్లా కిందికి వంగి ఉంటుంది. టైర్లు లావు. తారు రోడ్డు అయిపోయి కంకర మొదలయ్యే చోట మామూలు రేసు సైకిళ్లు వెనక్కి తిరుగుతాయి, ఇవి ముందుకు పోతాయి. గ్రావెల్ బైకులంటారు. పొద్దున్నే కాలవ గట్టు మీదుగా క్వారీ దాకా వెళ్లి వస్తాను. కంకర మీద పోతుంటే చేతులు, భుజాలు, పళ్లు అన్నీ అదురుతుంటాయి. బుర్రలో ఒక్క ఆలోచన నిలవదు. అదే నాకు కావాలి.

తిరిగొచ్చి స్నానం చేసి ఆసుపత్రికి పోతాను. అక్కడ నా పని రక్తం తియ్యడం. రబ్బరు పట్టీ కట్టి, మోచేతి మడతలో చూపుడువేలు ఆనించి, నరం వెతుక్కోవాలి. కొత్తవాళ్లు కళ్లతో వెతుకుతారు. కళ్లకి కనపడే నరం చాలాసార్లు మోసం చేస్తుంది, వేలికి తగిలేదే అసలైనది. కింద మెత్తగా ఉండి, నొక్కితే మళ్లీ లేస్తుంది. గుచ్చినట్టే తెలియదని నాకు అక్కడ 'దోమ' అని పేరు. వినడానికి బాగోదు గానీ, నాకు గర్వంగానే ఉండేది.

మా అత్తయ్య ఒంట్లో బాగోలేక మందులు వాడుతోంది. వాటికోసం తరచూ రక్తం చూపించుకోవాలి. ఆవిడ నరాలు పైకి కనపడవు, కదిలితే జారిపోతాయి. ఒకసారి నేను సెలవులో ఉన్నప్పుడు నా పక్క కుర్చీలో రక్తం తీసే ఆవిడ గుచ్చింది. ఇక చూడాలి. "అది సూదా, గునపమా?" అని ఆ గదిలో వాళ్లందరూ వినేలా అరిచి లేచి వచ్చేసింది. ఆనాటి నుంచి నేను తప్ప ఇంకెవరూ ఆవిడ చెయ్యి ముట్టుకోవడానికి వీల్లేదు. కోడలిగా నాకు ఎన్ని వంకలు పెట్టినా, సూదిలో మాత్రం వంక పెట్టదు. మా ఇద్దరి మధ్యా ఉన్న ప్రేమ ఏదైనా ఉంటే అది అదే.

పెద్దకోడలి మీద తిరుగుతున్న రోజుల్లోనే వేళ్లు తిమ్మిరెక్కడం మొదలైంది. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు. దిగి విదిలిస్తే పోయేది. తర్వాత్తర్వాత విదిలించినా పోలేదు. సైకిల్ షాపతన్ని మేమంతా స్పోకు అంటాం, మనిషి అంత సన్నం. అతను టైరు నొక్కి చూసి, "అక్కా, ఈ ఫ్రేము అల్యూమినియం. అదురంతా చేతిలోకి కొట్టేస్తుంది. స్టీలు తీసుకోండి," అన్నాడు. తీసుకున్నాను. అదే నల్లకోడలు. తిమ్మిరి పోయింది! స్పోకు నోట్లో పంచదార పొయ్యాలనిపించింది. కొన్నాళ్లకి మళ్లీ వచ్చింది.

"హ్యాండిల్ వెడల్పు మీకు పడట్లేదక్కా," అన్నాడు ఈసారి. బక్కకోడలు వచ్చింది. తిమ్మిరి పోయింది. మళ్లీ వచ్చింది. ఇంకా లావు టైర్లది, ఆఖరికి ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కులో స్ప్రింగులున్నది. కొత్తది వచ్చిన ప్రతిసారీ తిమ్మిరి పోతుంది, నేను నమ్ముతాను, అది మళ్లీ వస్తుంది. జనం నాకు సైకిళ్ల పిచ్చి అనుకున్నారు. నేనూ అనుకోనిచ్చాను. ఆ గోడ మీద ఉన్నవి నేను వాడి చూసిన మందులని ఎవరికని చెప్పను?

ఆసుపత్రిలో చూపుడువేలు పక్కన పెట్టి ఉంగరం వేలితో నరం వెతకడం అలవాటు చేసుకున్నాను. దానికంత తెలివి లేదు. పైపుల్లాంటి నరాలున్న లారీ డ్రైవర్ని రెండుసార్లు గుచ్చాను. "ఏంటి దోమా, ఇవాళ కందిరీగవయ్యావ్?" అన్నాడు. నవ్వాను. నాకు సిగ్గేసి ఉండాలి, భయమేసి ఉండాలి. ఏమీ అనిపించలేదు. తిమ్మిరి వేళ్ల దగ్గర ఆగలేదేమో అనుకున్నాను.

అసలు సంగతి మా ఆయన నోటి నుంచి ఊడిపడింది. ఆయన ఫ్రిజ్ మెకానిక్. పని చెయ్యని యంత్రం మీద తప్ప ఆయన దృష్టి దేనిమీదా నిలవదనుకునేదాన్ని. స్ప్రింగులున్న కొత్త సైకిల్ని నేను మెత్తటి గుడ్డతో తుడుస్తుంటే, గుమ్మంలో నిలబడి కాఫీ తాగుతూ అన్నాడు:

"కొత్తది వచ్చినప్పుడల్లా ఇదే తంతు. సీటు ఎత్తుతావు, దించుతావు, హ్యాండిల్ తిప్పుతావు, స్పోకు దగ్గరికి ఇరవైసార్లు మోస్తావు. పండగే పండగ. కానీ ఎక్కి తొక్కడం మాత్రం ఉండదు. మొదటి రెండు మూడు వారాలూ అది కాలవ గట్టు మొహం చూస్తే ఒట్టు."

తుడుస్తున్న చెయ్యి ఆగిపోయింది.

నిజమే. పెద్దకోడలి తర్వాత వచ్చిన ప్రతిదానికీ అంతే. తిమ్మిరి తగ్గించింది సైకిలు కాదు, తొక్కకపోవడం. ఇంత చిన్న ముక్క నా బుర్రకి తట్టలేదు. రోజంతా జనం జబ్బులు సీసాల్లోకి పట్టే మనిషిని, నా చేతికి విశ్రాంతి కావాలని తెలుసుకోలేక గోడ నింపేశాను!

"ఏంటలా అయిపోయావ్?" అన్నాడు మా ఆయన.

"ఏం లేదు. మీ కాఫీ చల్లారిపోతోంది."

ఏడుపు వస్తుందేమోనని కాసేపు ఆ గదిలోనే కూర్చున్నాను. రాలేదు. లేచి అంట్లు తోముకున్నాను.

మర్నాడు మా ఆసుపత్రిలోనే ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్లాను. ఆయన నా చెయ్యి తిప్పి, బొటనవేలి మొదట్లో కండ నొక్కి చూశాడు. అక్కడ పల్లం పడింది. కళ్లు మూసుకోమన్నాడు.

"వేలికి దూది తగిలినప్పుడు చెప్పమ్మా."

కాసేపాగి, "తగిలింది," అన్నాను.

"నేనింకా మొదలెట్టలేదు," అన్నాడు.

తర్వాత నెమ్మదిగా చెప్పాడు. వేళ్లకి స్పర్శ తెలిపే నరం మణికట్టు దగ్గర ఒత్తిడి పడి పాడైంది, ఎప్పుడో రావలసింది, ఆపరేషన్ చేద్దాం, స్పర్శ పూర్తిగా తిరిగొస్తుందని మాటివ్వలేను. సైకిలు బంద్. అప్పటిదాకా సూది పట్టుకోవడం కూడా మంచిది కాదు. "మీ పైవాళ్లకి నువ్వే చెప్పుకో. నేను చెప్పేలా చెయ్యకు."

సరేనన్నాను. కానీ నా మొండితనం నాకుంటుందిగా. సోమవారం అత్తయ్యకి రక్తం తియ్యాలి. ఆవిడ నరం దొరికితే నా వేలు బతికి ఉన్నట్టే, డాక్టరు మాట అవతల పారేస్తాను. దొరక్కపోతే సూది పక్కన పెట్టేస్తాను. ఇన్నేళ్ల బతుకు ఆ ఒక్క మోచేతి మడత మీద పందెం కట్టాను.

సోమవారం ఆవిడ ఎప్పట్లాగే చీర కొంగు సర్దుకుని నా కుర్చీలో కూర్చుంది. పక్క కుర్చీ ఆవిడ వైపు ఒక చూపు విసిరి, చెయ్యి నా ముందు చాపింది. "కానీ. పొద్దున్నుంచీ ఖాళీ కడుపు. నీ సొమ్మేం పోయింది?"

రబ్బరు పట్టీ కట్టాను. పిడికిలి బిగించమన్నాను. గ్లవ్ తీసేసి, చూపుడువేలు మడతలో పెట్టాను. నొక్కాను. కొంచెం పక్కకి జరిపి నొక్కాను. ఇంకాస్త కిందికి. చెక్కముక్కతో గుడ్డని నొక్కుతున్నట్టుంది. పట్టీ వదులు చేసి మళ్లీ కట్టాను. ఆవిడ ఉలుకూ పలుకూ లేదు. నోరు మూసుకుని కూర్చునే మనిషి కాదు ఆవిడ.

"ఏమే," అంది చివరికి, గొంతు బాగా తగ్గించి. "మొన్న పొయ్యి మీది గిన్నె గుడ్డ లేకుండా దించావు. నేను చూస్తూనే ఉన్నాను. చురుక్కుమన్న మొహం కూడా పెట్టలేదు."

ఆవిడ రెండో చేత్తో నా వేలు పట్టుకుని, తన మడతలో ఒకచోట తెచ్చి ఆనించింది.

"ఎప్పుడూ ఇక్కడేగా గుచ్చేది. నాకు తెలుసు ఆ చోటు. ఇక్కడే నొక్కు. దొరికిందా?"

దొరికిందని చెప్పి, ఆ చోటే గుచ్చెయ్యొచ్చు. నూటికి తొంభై పాళ్లు రక్తం వస్తుంది. ఆవిడ అందుకే చూపించింది. నా వేలు చచ్చిపోయిందని తెలిసీ, నా పరువు నిలబెట్టడానికి తన చెయ్యి నాకు అప్పగించింది. నాకు గుండెల్లో ఏదో కదిలింది. చాలా నెలల తర్వాత కదిలింది.

"దొరకలేదు అత్తయ్యా," అన్నాను.

సూది పళ్లెంలో పెట్టేశాను. పక్క కుర్చీ ఆవిణ్ణి పిలిచాను. ఆవిడ అత్తయ్య మొహం చూసి జంకింది. అరుపు పడుతుందని నేనూ అనుకున్నాను.

"రావమ్మా, ఎంతసేపు?" అంది అత్తయ్య. "నా కోడలు పక్కనే ఉంటుంది. చూసి గుచ్చు."

మొదటిసారి తప్పింది. అత్తయ్య పళ్లు బిగబట్టింది గానీ, ఒక్క మాట అనలేదు. రెండోసారి గుచ్చుతుంటే నా వైపు తిరిగింది.

"ఆ గోడ మీదవాటిని అమ్మేస్తానని ఎగబడకు. అవి లేకపోతే గది బోసిపోతుంది. నాకు నిద్ర పట్టదు."

"సరే అత్తయ్యా."

సీసాలోకి రక్తం దిగడం మొదలైంది. ఆవిడకి నొప్పి పుట్టినట్టుంది, కళ్లు గట్టిగా మూసుకుంది. నేను కిందికి చూశాను. ఆవిడ ఖాళీ చెయ్యి నా వేళ్లు మూడింటినీ పట్టుకుని ఉంది. బాగా బిగించే పట్టుకుంది, కణుపులు తెల్లబడ్డాయి. ఎప్పటి నుంచి పట్టుకుందో నాకు తెలియలేదు.