మోచేతి లోతు

మణికట్టు మునగగానే అరచెయ్యి మాయమైంది. గుంటదొరసాని చెయ్యి పైకి లాగి, విదిలించి, మళ్ళీ ముంచింది. మళ్ళీ అంతే. నాలుగు రోజులుగా ఇదే వరస.

పెరటి చేపలగుంటకు ఆమె లెక్క ఒకటే. నీళ్ళలోకి చెయ్యి దించితే, మోచెయ్యి మునిగేసరికి అరచెయ్యి కనబడకుండా పోవాలి. అప్పటికీ కనబడుతుంటే నీళ్ళు పలచన, పేడ కలపాలి. ముందే మాయమైతే పచ్చదనం ముదిరిందని అర్థం. మేత ఆపి నీళ్ళు మార్చాలి. లేదంటే ఒక తెల్లవారుజామున చేపలన్నీ వెల్లకిలా తేలతాయి. మొగుడు పోయి పుట్టింటికి వచ్చిన ఏడాదే పార పట్టి ఈ గుంట తవ్వింది. ఊరు నవ్వి గుంటదొరసాని అని పేరు పెట్టింది. ముప్పై ఏళ్ళలో నవ్విన వాళ్ళందరూ గిన్నె పట్టుకుని చేపల కోసం వచ్చినవాళ్ళే. ఆమె కుడిచెయ్యి మోచేతి కింద ఒక రంగు, పైన ఒక రంగు.

"ఇవాళ కూడా పస్తేనా వాటికి?" తమ్ముడి పెళ్ళాం బావి నుంచి తోడిన బకెట్ గుంటలో గుమ్మరిస్తూ అడిగింది. "తోడి తోడి నా నడుం విరిగితే, మీ తమ్ముడికి ఇంకోదాన్ని చూస్తారా ఏం?"

"ఎప్పుడో చూసిపెట్టానే. నోరు తక్కువది."

మరదలు కిసుక్కున నవ్వి, బకెట్ పక్కన పెట్టి, తనూ సరదాకి చెయ్యి ముంచింది. నవ్వు ఆగిపోయింది. ఇంకాస్త దించింది.

"వదినా, మోచెయ్యి మునిగినా నా అరచెయ్యి కనిపిస్తోంది."

"సరిగ్గా చూడు."

"ఉంగరం కూడా కనిపిస్తోంది వదినా."

గుంటదొరసాని తలెత్తి గట్టు మీది అరటిచెట్ల వైపు చూసింది. ఆకులు విడిగా ఆనలేదు, ఒకటే పచ్చముద్ద. పొద్దుటి మంచు అనుకుంటూ వచ్చింది ఇన్నాళ్ళూ. మసక పట్టింది నీళ్ళకు కాదు.

"పాపిష్టిదాన్ని. మంచి నీళ్ళు పారబోసి, వాటి కడుపులు ఎండగట్టాను."

చీర ఎగదోపి గుంటలోకి దిగింది. గుండెల లోతుకు వెళ్ళి, కళ్ళు మూసుకుని నిలబడింది. కాసేపు ఏమీ లేదు. తర్వాత పిక్కకు ఒకటి తగిలింది. మోకాలికి ఇంకొకటి. చూస్తుండగానే నీళ్ళు ఆమె చుట్టూ ఎసరు కాగినట్టు తెర్లాయి. వీపుల మీద వీపులు, తడి వెండి మెరుపులు, తోకల చప్పుళ్ళు. గుంటంతా కదిలి ఆమె దగ్గరికే వచ్చింది. చెయ్యెడు గడ్డిచేప ఒకటి ఖాళీ అరచేతిలో మూతి పెట్టి చప్పరించింది. ఏమీ దొరక్కపోయినా పోలేదు.

మరదలు గట్టు అంచుకు వచ్చి వంగి చూసింది.

"దీనికి డొక్క దిగింది. ఇదీ చిక్కింది. ఇదిగో, ఈ దొంగముండ మాత్రం బాగానే ఉంది, గట్టు నాచంతా ఇదే గీక్కుతిన్నట్టుంది." కళ్ళు తెరవకుండానే ఒక్కొక్కదాన్నీ తడిమి చెప్పింది. "మాడ్చినదాని దగ్గరికే వచ్చాయి చూడవే."

గట్టెక్కి మరదలి చెయ్యి పట్టుకుని కొలిచింది. "రేపటి నుంచి చూడాల్సింది నువ్వు. నీ చెయ్యి నాకంటే పొడుగు. మోచేతికి రెండు వేళ్ళు కింద నీ లెక్క."

"నాకేం తెలుసు వదినా!"

"ఇవాళ నాకంటే ముందు నీకే తెలిసింది కదే."

పొడిచీర కట్టుకుని పెరటి మెట్టు మీద కూర్చుంది. తవుడూ నూనెచెక్కా కలిపి ముద్దలు కట్టసాగింది. "పస్తున్న కడుపులు. ఇవాళ సగం మేతే వెయ్యి. జాలిపడి ఎక్కువ పెట్టావంటే చంపినట్టే."

మరదలు కాఫీ తెచ్చేసరికి గోడకు తల ఆనించి ఉంది. అలిసి కునుకు తీస్తోందనుకుని గ్లాసు మీద మూత పెట్టింది. కాఫీ చల్లారింది. పిలిచింది. తట్టి చూసింది. ఒళ్ళు చల్లబడి ఉంది. వేళ్ళ మీది పిండి అప్పటికే ఎండి తెల్లగా బీటలు తీసింది.

తమ్ముడూ ఇరుగుపొరుగూ ఆమెను లోపలికి మోసుకెళ్ళారు. పొద్దు వాలుతుండగా మరదలు ముద్దల బేసిన్ పట్టుకుని గట్టు మీదికి వచ్చింది. సగమే వేసింది. నీళ్ళు లేచి, అందుకుని, సర్దుకున్నాయి.

మెట్టు మీద ఒక ముద్ద మిగిలి ఉంది, వదిన గుప్పిట్లోంచి విడిపించి తీసినది. నాలుగు వేళ్ళ సందులూ, బొటనవేలి గుంటా, అరచేతి గీతలతో సహా దాని మీద అచ్చుపడి ఉన్నాయి.