తిట్ల జలపాతం

ఆ దీవి చుట్టూ జనాన్ని తిప్పి చూపించేవాళ్లలో ఒక కట్టుబాటు ఉంది. దీపస్తంభం, మిరియాల తోట, తెల్ల ఇసుక తీరం అందరివీ. చివరి మజిలీ మాత్రం ఎవరిది వాళ్లదే. ఒకరి చోటికి ఇంకొకరు బండి తిప్పరు. ఎక్కడా రాసి లేదు గానీ ఇన్నాళ్లూ ఎవరూ దాటలేదు.

గొడుగక్క చివరి మజిలీ ఒక జలపాతం. ఎండైనా వానైనా ఎర్ర గొడుగు ఎత్తి యాత్రికుల ముందు నడుస్తుంది కనుక ఆవిడకా పేరు. పెద్ద కంపెనీ బస్సుల ముందు ఆవిడ డొక్కు వ్యాను ఏపాటిది? ఆ జలపాతమే ఆవిడకు కూడు పెడుతోంది.

ఆ చోటు కథ మాత్రం ఆవిడ ఎవరికీ చెప్పదు. మొగుడు వేరే ఆడమనిషితో పడవెక్కి ఉడాయించిన రోజున ఆవిడ ఆ నీళ్లలో నిలబడి, గొంతు పోయేదాకా వాణ్ని తిట్టింది. ధార కింద ఆ హోరులో ఎంత అరిచినా పక్క మనిషికి వినపడదు. ఆ సంగతి తను పెంచి పెద్దచేసి, పని నేర్పిన చెల్లెలికొక్కదానికే చెప్పింది. నోట్లో నువ్వుగింజ నానని పిల్ల, ఇదొక్కటి మాత్రం దాచుకుందని అక్కకు ఎంత మురిపెమో!

ఆ పొద్దున చెల్లెలు తలనొప్పంటూ దుప్పటి లాక్కుంది. గొడుగక్క ఒక్కతే బయల్దేరింది. వ్యానులో రిటైరైన హెడ్మాస్టరు, ఆయన భార్య, ఓ కొత్త జంట. దారంతా పచ్చదనమే, తీగలు కిటికీల్లోకి చేతులు చాపుతున్నాయి. "మా ఆవిడ ఒక్క మాటా ఆడకుండా గంట కూర్చోవడం ఇదే మొదలు," అన్నాడు హెడ్మాస్టరు. అందరూ నవ్వారు.

మలుపు తిరిగేసరికి దారికి అడ్డంగా కంపెనీ బస్సు. పాపం, దారి తప్పి ఉంటారనుకుంది గొడుగక్క. గొడుగెత్తి కిందికి దిగింది.

జలపాతం ముందు చెల్లెలు, ఒంటి మీద కంపెనీ నీలం చొక్కా, చేతిలో మైకు.

"దీని పేరు తిట్ల జలపాతమండీ! ఒకావిడ మొగుడు పారిపోతే ఇక్కడికొచ్చి ఏమందో తెలుసా? 'నీ పడవ మునగ! పోతే పోయావు, నా దిండు కూడా పట్టుకుపోయావు కదరా!' అంది. ఇక మీ వంతు. ఎవర్ని తిట్టాలనుంటే వాళ్లని తిట్టండి!"

జనం పగలబడి నవ్వారు. ఆ దిండు మాట చెప్పేటప్పుడు గొడుగక్క చెల్లెలి ఒళ్లో తల పెట్టుకుని ఏడ్చింది.

"ఇంత మంచి కథ మాకు చెప్పలేదేమమ్మా?" అంటూ హెడ్మాస్టరు భార్య చీర ఎత్తి కట్టుకుని నీళ్లలోకి దిగింది.

ఎర్ర గొడుగు చూసి చెల్లెలు మైకు ఆపి దగ్గరికొచ్చింది.

"తలనొప్పి తగ్గిందా?" అంది అక్క.

"అక్కా, ఆ వ్యాను పట్టుకుని ఎన్నాళ్లే? వీళ్లు మంచి ఉద్యోగం ఇచ్చారు. నీ పేరైతే చెప్పలేదు కదా!"

"ఎంత జాగ్రత్తే తల్లీ! చోటు అడిగితే ఇచ్చేదాన్ని. ఆ మాట ఎందుకు అమ్ముకున్నావే?"

చెల్లెలు తల దించుకుంది. "ఉట్టి జలపాతాలు వాళ్ల దగ్గర బోలెడున్నాయట."

అంతలో హెడ్మాస్టరు భార్య తడిచేత్తో గొడుగక్కను నీళ్లలోకి లాగింది. "రండమ్మా! మీకు మాత్రం ఎవరో ఒకరు ఉండరా తిట్టడానికి!"

గొడుగక్క హోరు కింద నిలబడి నోరు తెరిచింది. మొగుడి మీద తన్నుకొచ్చిన తిట్లు పెంచిన పిల్ల మీద గొంతు దాటలేదు. ఏడుపొచ్చింది. అందరి ముందూ భోరున ఏడ్చింది.

"అచ్చం ఆ కథలో ఆవిడలాగే చేస్తోంది!" అన్నారెవరో. ఇదీ కంపెనీ ఏర్పాటే అనుకుని బస్సువాళ్లంతా చప్పట్లు కొట్టారు.

మైకు చెల్లెలి చేతిలోనే ఉంది. కాదని ఒక్క మాట చెప్పలేదు.