పదకొండు గంటల దారి

గోడౌనులో ఆమెను అందరూ ఐసమ్మ అంటారు. విమానాల్లో వెళ్లే మందుల పెట్టెల్లో ఐసు పేర్చడం ఆమె పని. ఏ ఊరు ఎంత దూరమో, విమానానికి ఎన్ని గంటలో నోటికి చెప్పేస్తుంది. గంటకో ముక్క, ఆలస్యానికి మరో రెండు. ఎనిమిదేళ్లలో ఒక్క మందూ చెడలేదు.

అలాంటిది, సొంత మొగుడు ప్రయాణికులకు తిండీ నీళ్లూ అందించే విమానంలోనే, వారానికొకటి చొప్పున వెళ్లిన మూడు పెట్టెలూ చెడిపోయి చేరాయి. దారి పదకొండు గంటలు. పెట్టింది పదమూడు ముక్కలు.

"సగం నువ్వే చప్పరిస్తున్నావేమో తల్లీ!" అన్నాడు మేస్త్రి.

"నీ నెత్తిన పెట్టి చూడు బాబాయ్, ఇంకా తొందరగా కరుగుతాయి," అందే గానీ, ఆమెకు మనసు మనసులో లేదు.

ప్రతి పెట్టెలోనూ గంటలు నమోదు చేసే చిన్న రికార్డరు ఉంటుంది. పెట్టె తెరిస్తే ఆగిపోతుంది. వాటిని వెనక్కి తెచ్చేది మొగుడే. తన లెక్క మీద గురికొద్దీ ఆమె వాటిని ఏనాడూ చూసిన పాపాన పోలేదు. ఆ రోజు మూడూ ముందేసుకుని కూర్చుంది.

మొదటిది ఇరవై ఒక్క గంటలు. రెండోది నలభై ఆరు. మూడోది తొంభై ఏడు.

పరుగున ఇంటికొచ్చింది. సాయంత్రం విమానానికి మొగుడు చొక్కా ఇస్త్రీ చేసుకుంటున్నాడు. నిన్నగాక మొన్న కత్తిరించిన గోళ్లు కొసలు వంగేంత పెరిగి ఉన్నాయి.

"బావా, లైట్లు ఆర్పాక ఎంతసేపుంటారు ఆ చీకట్లో?"

ఇస్త్రీపెట్టె ఆగింది. "మొదట్లో ఒక నిద్రంత. ఇప్పుడు... తెలీదే. జనం కళ్లు తెరవరు. నోళ్లు మాత్రం తెరుస్తారు. వరసనే నీళ్లు పోసుకుంటూ పోతాం. దిగేటప్పుడు అందరూ హాయిగా నిద్రపట్టిందంటారు."

"నాకొక్క ముక్క చెప్పలేదే!"

"పదకొండు గంటలేనని నువ్వంటావుగా. ఆ మాట పట్టుకునే ఇంటికి చేరుతున్నాను."

"ఇవాళ వెళ్లకు."

"మూడొందల నోళ్లున్నాయే. నీళ్లెవరు పోస్తారు?"

ఆమె గోడౌనుకు తిరిగొచ్చి, మేస్త్రి లబోదిబోమంటున్నా వినకుండా, ఆ విమానానికి కట్టిన పెట్టెలన్నిట్లోంచీ మందులు తీసేసింది. ప్రతిసారీ రెట్టింపవుతోంది, ఈసారి రెండొందల గంటలకు తక్కువ కాదు. పట్టినన్ని నీళ్ల సీసాలు కుక్కి, మొగుడికి కబురంపింది.

మర్నాడు పొద్దున, విమానం లేచిన సరిగ్గా పదకొండు గంటలకు, ఫోను మోగింది.

"చేరాం." ముసలి గొంతు. ఎవరో అనుకుని పెట్టేయబోయింది. "నేనేనే. నీళ్లు సరిపోలేదు."

"ఎన్నాళ్లు బావా?"

"గోడ మీద గీతలు పెట్టాను. గోడ అయిపోయింది." కాసేపు ఊపిరి తీసుకున్నాడు. "ఎల్లుండి తిరుగు ప్రయాణం. ఇంటికొచ్చేస్తానే."

"రాకు," అందామె. "విమానం ఎక్కావంటే నా మీద ఒట్టే. నేనే ఓడలో వస్తాను. నలభై రోజులట. అవి నలభై రోజులే అవుతాయి."