నా చివరి ముద్ర

నేను ఒక ఇత్తడి ముద్రను. అరచేతిలో ఇమిడేంత ఉంటాను. నా ముఖాన చెక్కిన మాట ‘దూజున్’. ఉత్తర చైనాలో నన్ను చెక్కిన గెంగ్ ఆ మాటకు అర్థం తన కూతురికి చెబుతుంటే విన్నాను.

"‘దూ’ అంటే కనిపెట్టి చూసుకోవడం, ‘జున్’ అంటే సేన. సేనని అదుపులో పెట్టే పెద్దమనిషన్నమాట. మంచి మాటేనమ్మా."

నేనూ నమ్మాను. అప్పటికి నా వయసు మూడు రోజులు.

1916లో రాష్ట్రాల సైనికాధిపతులకు ఆ హోదా ఇచ్చారు. మా రాష్ట్రానికి దూజున్‌గా వచ్చినవాడు లువాన్. నన్ను చేతిలోకి తీసుకుని తెగ మురిసిపోయాడు. అంతలోనే, ఇంత చక్కగా చెక్కినవాడు ఇలాంటిదే ఇంకొకటి చెక్కితే ఎలా అని అనుమానం పుట్టింది. గెంగ్ కుడి బొటనవేలు తీసేయమని కాగితం రాయించాడు. దాని మీద పడిందే నా మొదటి ముద్ర. నన్ను కన్న చేతిని నాతోనే నరికించాడు. ఆ రోజు నుంచి లువాన్ నాశనం కోరుకుంటూనే ఉన్నాను. దాచుకోవడం దేనికి?

తర్వాత పదేళ్ళు ధాన్యం లాక్కోవడానికీ, మగవాళ్ళను సైన్యంలోకి ఈడ్చుకెళ్ళడానికీ నన్నే గుద్దాడు. జనం తుపాకీకి ఎదురు తిరగలేక మాట మీద కసి తీర్చుకున్నారు. పేట రౌడీని దూజున్ అన్నారు. కోడళ్ళు చాటుగా అత్తను దూజున్ అన్నారు. మిగతా కోళ్ళను గింజల దగ్గరికి రానివ్వని పుంజుకూ అదే పేరు. రాజధానిలో ఆ హోదా పేరు మార్చారు గానీ జనం మార్చలేదు. విన్నప్పుడల్లా నాకు కడుపు చల్లబడేది.

పక్క రాష్ట్రం దూజున్‌తో యుద్ధంలో ఓడిపోయాక లువాన్ తియెన్‌జిన్ నగరంలో, చైనా చట్టం చెల్లని విదేశీయుల పేటకు పారిపోయాడు. మీసం తీసేసి, పేరు మార్చుకుని టీ ఆకుల కొట్టు పెట్టాడు. నన్ను మాత్రం పారేయలేకపోయాడు. రోజూ పొద్దున్నే చిత్తుకాగితాల మీద గుద్ది చూసుకునేవాడు. అతని భార్య పొదుపరి, చదువు రానిది. ఆ కాగితాల్లోనే టీ పొట్లాలు కట్టి అమ్మేది.

అలాంటి పొట్లం ఒకటి, అదే నగరంలో పొద్దుతిరుగుడు గింజలు అమ్ముకుంటున్న గెంగ్ చేతికి చేరింది. మర్నాడు మధ్యాహ్నం కొట్టు ముందు నిలబడి వీధంతా వినేలా అడిగాడు.

"దూజున్ గారున్నారా?"

"అలాంటివాళ్ళెవరూ లేరిక్కడ. పొరబడ్డావు, తాతా," అన్నాడు లువాన్.

"నా చేతి పని నేను పోల్చుకోలేనా, బాబూ?" అంటూ నాలుగు వేళ్ళతో ఆ కాగితం విప్పి చూపించాడు గెంగ్.

మా రాష్ట్రం నుంచి పొట్ట చేతబట్టుకుని వచ్చినవాళ్ళు ఆ వీధి నిండా ఉన్నారు. మంగలి కత్తి పక్కన పెట్టి వచ్చాడు. బట్టలుతికే ముసలామె తడి చేతులతో వచ్చింది. "నా ఇద్దరు కొడుకుల్నీ పట్టుకెళ్ళిన కాగితం మీద ఉన్నదిదే," అంది మెల్లగా. లువాన్‌ను కదలకుండా పట్టుకున్నారు.

కొట్టు బల్ల మీదున్న నన్ను గెంగ్ రెండు వేళ్ళ మధ్య ఇరికించుకుని, ఎర్రసిరాలో అద్ది, లువాన్ నుదుటి మీద బలంగా నొక్కాడు. ఆ చర్మం వణకడం నాకు తెలిసింది. నా బతుకులో అంత సుఖం ఎన్నడూ ఎరగను.

"చదువొచ్చినవాళ్ళు చదవండి," అన్నాడు గెంగ్.

అందరూ గట్టిగా చదివారు. తర్వాత అతన్ని వీధిలోకి లాక్కుపోయారు.

ఇప్పుడు నేను మ్యూజియంలో గాజుపెట్టెలో ఉన్నాను. పక్కన చీటీ: ‘దూజున్: రాష్ట్ర సైనికాధిపతి హోదా. ఈ ముద్రను చివరిసారి దేని మీద వేశారో తెలియదు.’ ఏడాదికోసారి ఉద్యోగిని బ్రష్షుతో నన్ను తోముతుంది. గీతల మధ్య కాస్త ఎరుపు ఎంత తోమినా వదలదని విసుక్కుంటుంది.

వదలను.