గుహ దగ్గరి బాణీ

విరిగిన కాళ్ళు అతుక్కున్నాక మళ్ళీ నడక నేర్పడం ఆమె ఉద్యోగం. ఆసుపత్రి వరండాలో కడ్డీలు పట్టుకుని మొదటి అడుగు వెయ్యడానికి ఎవరైనా జంకితే, పక్కన నిలబడి ఒక కూనిరాగం తీసేది. అది చిన్నప్పుడు అన్నయ్యతో కలిసి ఆడిన వీడియో గేములోది. ఆటలో చీకటి గుహ వచ్చినప్పుడల్లా ఆ బాణీ మోగేది. అమ్మ పోయినప్పుడూ, పరీక్ష తప్పినప్పుడూ ఆమె దాన్నే పట్టుకుని గట్టెక్కింది. ఆ బాణీ కట్టిన మహానుభావుడెవరో తెలియదుగాని, మనసులో ఎన్నిసార్లు దణ్ణం పెట్టుకుందో లెక్కలేదు.

ఒక ఆదివారం ఆ ఆట సంగీతం మొత్తం ఇంటర్నెట్‌లో కనిపించింది. పొయ్యి ఆపేసి, హెడ్‌ఫోన్లు తగిలించుకుని కూర్చుంది. నది పాట అయింది, కోట పాట అయింది. గుహ పాట వచ్చింది. దబదబమని డప్పులు, మధ్యలో కప్ప గొంతులాంటి చప్పుడు. తన బాణీ కాదది. వేరే గుహ ఉందేమోనని మళ్ళీ మొదటినుంచీ విన్నది. ఎక్కడా లేదు. పోనీ ఆటే వేరా అంటే, అట్టమీద బొమ్మ అదే, పేరూ అదే.

సాయంత్రం అన్నయ్య ఫ్రిజ్‌లు బాగుచేసే షాపుకి వెళ్ళింది. అతను ఒక ఫ్రిజ్ వెనక చతికిలబడి ఏదో బిగిస్తూ, ఆమె చెప్పిందంతా విన్నాడు.

"ఆ ఆటకి మనం సౌండెప్పుడు పెట్టామే? నాన్న రాత్రి డ్యూటీ చేసొచ్చి పగలంతా పడుకునేవాడు కదా."

నిజమే. నాన్న గురక, చప్పుడు వెళ్ళకుండా తలుపు కింద కుక్కిన దుప్పటి గుర్తొచ్చాయి. మరి ఆ బాణీ ఎక్కడిదని అడిగింది.

"నువ్వే తీసేదానివి. గుహ దగ్గరికి రాగానే నాకు భయమేసేది. నువ్వు వెనక కూర్చుని సన్నగా పాడితేగాని లోపలికెళ్ళేవాణ్ణి కాదు."

"భయపడింది నేను కదా అన్నయ్యా?"

కాదన్నట్టు తలూపాడు. ఈ ముక్క మీ వదిన చెవిన మాత్రం వెయ్యకు అన్నాడు.

ఆమెకు ఏమీ పాలుపోలేదు. సంతోషించాలా? ఇన్నాళ్ళూ ఎవరో పక్కనున్నారనుకుంటే, ఎవరూ లేరన్నమాటా? అన్నయ్యే మరిచిపోయి కల్పిస్తున్నాడేమోననీ అనిపించింది. అతని ముఖంలో అలాంటిదేమీ లేదు.

ఒకసారి పాడమన్నాడు. మొదలుపెట్టింది. రోజూ నోటికి వచ్చేదే, సగంలో ఆగిపోయింది. ఆపైన స్వరం పైకి వెళ్ళాలో కిందికి దిగాలో తెలియలేదు. అన్నయ్య మళ్ళీ ఫ్రిజ్ వైపు తిరిగి, మిగతాది తనే మెల్లగా తీశాడు.

"ఇదేనా?"

చెవి రిక్కించి విన్నది.

"ఏమో," అంది.