ఎవరూ అరవలేదు

ఆసుపత్రి కంప్యూటర్లకూ పరికరాలకూ బయటి నెట్‌తో ఉండే రాకపోకలను కాపలా కాసే ఫైర్‌వాల్ పెట్టడమంటే వీధి తలుపుకు గొళ్లెం పెట్టినంత తేలిక కాదు. దొంగను ఆపబోయి వైద్యాన్ని ఆపితే రోగి ప్రాణం మీదికొస్తుంది. ఆ పని చేతికొచ్చిన అమ్మాయిని చిన్నప్పటి నుంచీ అందరూ ఎందుకమ్మ అనేవారు. ఏం చెప్పినా “ఎందుకు?” అనకుండా ఊరుకోదు మరి!

ఆమె పైఅధికారి నింపాదైన మనిషి. “దారులన్నీ మూసెయ్యమ్మా. కావలసినవాళ్లు లబోదిబోమంటూ వస్తారు. వచ్చినవాళ్లకే తెరువు,” అన్నాడు. పొద్దున్నే మూసేసింది. అన్నట్టే వచ్చారు. ఎక్స్‌రే వాళ్లు పరుగున వచ్చారు, మందుల కొట్టువాళ్లు కోపంగా వచ్చారు, పాటలు ఆగిపోయాయని వంటగది మనిషి గరిటెతో సహా వచ్చాడు. పాటలకు తప్ప అన్నిటికీ ఒక్కో రూలు రాసి దారిచ్చింది.

సాయంత్రానికి గోల సద్దుమణిగింది. కానీ తెర మీద చూస్తే, ఒక పరికరం మాత్రం ఇంకా బయటికి కబురు పంపాలని తంటాలు పడుతోంది. మధ్యాహ్నం అడపాదడపా తట్టింది. ఇప్పుడు ఊపిరి కూడా తిప్పుకోవడం లేదు.

“ఇది ఎవరిదండీ?”

“ఎవరిదైతేనేం? అడగనిదే అమ్మైనా పెట్టదు. ఎవరైనా అరిచారా? లేదుగా. వదిలెయ్.”

వదిలేస్తే ఆమె ఎందుకమ్మ ఎలా అవుతుంది? దానికంత తొందరేమిటి? ఎవరికి ఏం చెప్పాలని? తెలుసుకోకపోతే ముద్ద దిగేలా లేదు. అది ఏ గదిలో తగిలించి ఉందో వెతుక్కుంటూ మెట్లు దిగింది. తీరా చూస్తే అది బ్లడ్ బ్యాంకు. అక్కడ పనిచేసేది స్వయానా ఆమె పిన్ని.

పిన్ని బల్ల దగ్గర కూర్చుని లేబుళ్లు అంటిస్తోంది. వీపు వెనక రక్తం ఫ్రిజ్, దాని నెత్తిన ఎర్ర దీపం మిణుకుమంటున్న చిన్న పెట్టె.

“ఆ పెట్టె ఏం చేస్తుంది పిన్నీ?”

“ఫ్రిజ్ వేడెక్కితే నా ఫోనుకు కబురు పెడుతుందే. రోజూ తలుపు తీస్తే చాలు, ఒకటే గోల. ఇవాళ బంగారుతల్లి, ఒక్కసారి కూడా పిలవలేదు!”

ఎందుకమ్మ ఒక్క అంగలో ఫ్రిజ్ దగ్గరికి వెళ్లింది. లోపలి ట్రే అంచు అడ్డుపడి తలుపు పూర్తిగా పడలేదు. వేడి చూపే ముల్లు ఎర్రగీతను తాకబోతోంది. ఇంకాస్త ఆలస్యమైతే రేపటి ఆపరేషన్ల రక్తమంతా పారబోయాల్సిందే. ట్రే సర్ది తలుపు గట్టిగా నొక్కింది. ఏడుపు తన్నుకొచ్చింది.

“పిలిచింది పిన్నీ. మధ్యాహ్నం నుంచీ పిలుస్తూనే ఉంది. నేనే దాని నోరు మూశాను.”

పిన్ని ఫ్రిజ్ వంక చూసింది, పిల్ల వంక చూసింది.

“ఏడ్చింది చాల్లే. ముందెళ్లి దాని నోరు తెరువు. తిట్లు తిరిగొచ్చాక తిందువుగాని.”